బొమ్మలు తీసేసి చూస్తే

జూన్ 11, బుధవారం

వెంకటాచలం నుంచి ఒకాయన వచ్చి అమ్మ దూది ఏకే మిషను చూసి పోయాడు. చుట్టూ రెండు సార్లు తిరిగాడు, బెల్టు లాగి చూశాడు, మూత తెరిచి లోపలి ముళ్ళ డ్రమ్ము మీద చెయ్యి పెట్టబోయాడు. "అబ్బయ్యా, వేలు పోతాది" అని అమ్మ గట్టిగా అరిచింది. ఆ కంగారు ఆయన వేలి గురించో మిషను గురించో నాకు అంతుపట్టలేదు. రొట్టెల పండగ అయ్యాక బండి తెచ్చుకుని తీసుకుపోతానన్నాడు. అమ్మ సరేనంది.

మిషను పోయాక అమ్మ గూడూరు పోయి తమ్ముడింట్లోనే ఉండిపోతుంది. యాసీన్ మామ మేడ మీద గదికి రంగు కూడా వేయించాడట. అక్కకు మెట్లెక్కడం కష్టమని పట్టుకోవడానికి ఇనప కమ్మీ పెట్టించాడట. తమ్ముడంటే అలా ఉండాలి. నిమ్మకాయల మార్కెట్లో పొద్దున్నుంచి అరిచి అరిచి గొంతు పోయినా, అక్కతో మాట్లాడేటప్పుడు మాత్రం తేనె పూసుకుని మాట్లాడతాడు.

నాకేం బాధ లేదు. గూడూరు ఎంత దూరం గనక! బిట్రగుంటలో రైలెక్కితే మధ్యాహ్నం అక్కడ భోజనం చేసి చీకటిపడే లోపు బోగోలు తిరిగి రావచ్చు.

జూన్ 12, గురువారం

పెళ్ళి కార్డుల పని. నాకేం బాధ లేదు.

జూన్ 14, శనివారం

కరెంటు లేదు. కంప్యూటరు ఆగిపోయింది కాబట్టి రాస్తున్నాను.

మా రెండు కొట్లకీ మధ్య గోడలో ఒక తలుపు ఉంది. ఇటు నా డీటీపీ, అటు పరుపుల కొట్టు. ఆ తలుపులోంచి రోజంతా దూది ఎగిరి వచ్చి నా ప్రింటరులో పడుతుంది. తలుపు మూయించమని పద్నాలుగేళ్ళుగా పోరుతున్నాను. ఈ మధ్య దూది రావడం లేదు. ప్రింటరు శుభ్రంగా ఉంది. అమ్మకు పని లేదు మరి. అందరూ ఫోము పరుపులు కొంటున్నారు. డబ్బాలో చుట్టి పంపిస్తే ఇంటికొచ్చి విప్పుకోగానే ఉబ్బుతుందట. అమ్మకు ఆ వీడియో చూపించాను. "చచ్చిన గేదె ఉబ్బినట్టుండాది" అని చూడ్డం ఆపేసింది.

నాయన ఉన్నప్పుడు బేరాలన్నీ ఆయనే చూసుకునేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. అమ్మకు మాట్లాడి బేరం తెచ్చుకునే అలవాటు లేదు. కుట్టమంటే కుడుతుంది.

మధ్యాహ్నం అన్నాలప్పుడు సైఫుల్లా మళ్ళీ మొదలుపెట్టాడు. జువ్వలదిన్నె హార్బరులో పడవ ఇంజన్లు బాగుచేసి ఆ నూనె చేతులతోనే వచ్చి, అత్తగారిని నవ్వించాలని చూస్తాడు మా ఆయన.

"అత్తా, నువ్వు తినేది కోడిపిల్ల తినేంత. నువ్వు పొయ్యి మాకు మిగిలేదేంది?"

"కోడిపిల్లయినా గింజకి తిరిగి తిరిగి ఏరుకుంటాది అబ్బయ్యా. నేను పనీపాటా లేకుండా అల్లుడింట్లో కూర్చోని ఎట్టా తినేది? తమ్ముడింట్లోనంటే ఆ లెక్క వేరే."

"వేరే ఏంది?"

"వేరేనే."

ఇక దాని మీద మాట లేదు. అమ్మ వేరే అంటే వేరే.

సాయంత్రం ఒక ఆలోచన వచ్చింది. కొట్టుకి ఒక వెబ్‌సైటు చేస్తాను. నాకు ఎప్పట్నుంచో నేర్చుకోవాలని ఉంది. అమ్మను ఆపడానికి కాదు, నా ప్రాక్టీసు కోసం.

జూన్ 20, శుక్రవారం

సైటు తయారైంది! ఎంత బాగుందో. ఇంత చక్కని పని నేను చెయ్యగలనని నాకే తెలియదు.

పైన పెద్దక్షరాల్లో 'సైదావలి పరుపుల షాపు'. కింద నాయన ఫోటో, చుట్టూ బంగారు అంచు. 'నాణ్యతకు మారుపేరు', 'మీ సుఖనిద్రే మా ధ్యేయం'. పెళ్ళి కార్డులకు వాడే గుండ్రటి ఫాంటే వాడాను, సున్నాలు నిండుగా ఉంటాయి. ఆ కింద వరసగా ఫోటోలు. పరుపు మూల కుడుతున్న చేతులు, బూరుగు దూది ఎండబెట్టిన వాకిలి, మిషను ముందు నిలబడ్డ మనిషి, దిండ్ల గుట్ట.

సైఫుల్లా ఫోనులో చూసి "మన కొట్టేనా ఇది? పెళ్ళివారిల్లు మాదిరి ఉండాదే" అన్నాడు. మెచ్చుకోలే అనుకుంటున్నాను.

అమ్మకు చూపించాను. నాయన ఫోటో దగ్గర చాలాసేపు ఆగింది. పైట చెంగుతో ఫోను అద్దం తుడిచింది.

జూన్ 24, మంగళవారం

ఇప్పటికి పన్నెండు సార్లు చూశారని వచ్చింది. అందులో పదకొండు నేనే. పన్నెండోది ఎవరో తెలియని మనిషి అని పొద్దున్నుంచీ పొంగిపోయాను. సాయంత్రం సైఫుల్లా ఇంటికొచ్చి, "ఇంకోతూరి చూసినాలే నీ సైటు" అన్నాడు.

కొత్త కదా. జనం మెల్లగా వస్తారు.

జూన్ 25, బుధవారం

ఎవరూ రాలేదు.

జూన్ 27, శుక్రవారం

ఇవాళ పరువు పోయింది. ఎవరి ముందూ కాదు, ఫేబీ ముందే కాబట్టి పరవాలేదు.

ఫేబీ నాతో పాలిటెక్నిక్ చదివింది. కావలిలో ఇంట్లోనే కూర్చుని ఎవరెవరి వెబ్‌సైట్లకో పని చేస్తుంది. ఫోను చేసి, నా సైటు వెతికితే రావడం లేదెందుకే అని అడిగాను. ఒక లింకు పంపించింది.

"దాన్లో నీ సైటు అడ్రసు వెయ్యి. బొమ్మలూ రంగులూ డిజైనూ అన్నీ తీసేసి, సెర్చ్ ఇంజనుకి ఏం కనపడతా ఉండాదో అది ఒక్కటే చూపిస్తాది."

వేశాను. తెల్ల కాగితం వచ్చింది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలూ, డాలరు గుర్తులూ, తలకిందుల ప్రశ్నార్థకాలూ, టోపీలు పెట్టుకున్న 'O' అక్షరాలూ. తాలింపు గింటెలో గింజల్లాగా చిందరవందర. తెలుగు ఒక్క ముక్క లేదు. నా గుండ్రటి సున్నాలు లేవు. వైరస్ వచ్చిందేమోనని కేక వేశాను.

"వైరసు కాదు షమీమూ," అంది ఫేబీ. "నీ డీటీపీ ఫాంటు. అది తెలుగు అక్షరం కాదు. ఇంగ్లీషు అక్షరానికే తెలుగు చీర కట్టి నిలబెట్టినట్టు. కాగితం మీద కొడితే బ్రహ్మాండం. సెర్చ్ ఇంజనుకి చీర కనపడదు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పద్నాలుగేళ్ళు తెలుగు టైపు చేశాననుకున్నాను. ఈ జిల్లాలో సగం పెళ్ళిళ్ళ కార్డులు నా వేళ్ళ మీదుగానే పోయాయి. అవన్నీ ఇలా తలకిందుల ప్రశ్నార్థకాలా? కార్డులు కొట్టే మావాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు ఇది. బెంగళూరు సాఫ్ట్‌వేరు వాడు చెయ్యమన్నా చెయ్యలేడు.

"మామూలు ఫోనులో టైపు చేసే తెలుగుందే, యూనికోడు, దాంతో మొత్తం మళ్ళీ కొట్టు" అంది ఫేబీ. చివర్లో అమ్మ ఎట్టా ఉందని అడిగింది. గూడూరు పోతుందని చెప్పాను. నాకేం బాధ లేదని కూడా చెప్పాను.

జూన్ 29, ఆదివారం

యూనికోడు కీబోర్డులో అక్షరాలు ఇంకోచోట ఉంటాయి. నా వేళ్ళు పాత చోటికే పోతున్నాయి. 'పరుపు' కొడదామంటే ఏదో వస్తోంది. అమ్మ తలుపులోంచి తొంగి చూసింది.

"ఏందిమే, ఒక్కో వేలితో పొడస్తా ఉండావు? కోడి గింజలేరినట్టు!"

"నేర్చుకుంటా ఉండాను."

"పద్నాలుగేండ్లు చేసిన పనేగా?"

"అది వేరే."

"ఏం వేరే?"

"వేరేనే."

అమ్మ నవ్వింది. ఈ మధ్య ఇంత గట్టిగా నవ్వడం చూడలేదు. బాగుంది ఇవాళ. వాన పడి సముద్రం మీంచి చల్లటి గాలి వచ్చింది. సైఫుల్లా మట్టగిడస చేపలు తెచ్చాడు, అమ్మ పులుసు పెట్టింది. చింతపండు తక్కువ వేసిందని నేనూ, సరిపోయిందని ఆయనా వాదించుకున్నాం. అత్తా అల్లుడూ ఎప్పుడూ ఒకటే పార్టీ.

జూలై 1, మంగళవారం

అయిపోయింది. ఫేబీ పంపిన ఆ పనిముట్టులో మళ్ళీ సైటు అడ్రసు వేసి చూశాను. ఈసారి తెల్ల కాగితం మీద చక్కటి తెలుగు. మొదటి నుంచి చివరి దాకా ఒక్క పిచ్చి గుర్తు లేదు. లేచి గిర్రున తిరిగాను. ఎవరూ చూడలేదు.

అమ్మను పిలిచి కూర్చోబెట్టాను. అమ్మకు చదువు రాదు కాబట్టి ఆ తెల్ల కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను. సైదావలి పరుపుల షాపు, బోగోలు. సైదావలి గారి చేతి పరుపు అంటే జిల్లాలో పేరు. నలభై ఏళ్ళ నమ్మకం. పాత పరుపులు విప్పి దూది ఏకి కొత్తగా కుట్టబడును. సైదావలి గారి దిండ్లు మెడనొప్పిని దూరం చేయును.

అమ్మ మొత్తం విన్నది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా విన్నది.

"బాగా రాసినావు," అంది. "ఎవురిదో కొట్టు మాదిరి ఉండాది."

లేచి లోపలికి పోయి గిన్నెలు కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగినట్టు అనిపించింది.

అమ్మకు బాగా నచ్చింది.

జూలై 3, గురువారం

ఫేబీ చెప్పిన ప్రకారం, వచ్చి మళ్ళీ చూడమని సెర్చ్ ఇంజనుకి కబురు పెట్టాను. దానికీ ఒక బటను ఉంది. అల్లుడికి పిలుపు పంపినట్టు మర్యాదగా నొక్కాలి, ఊరికే నొక్కితే అలుగుతుందట.

జూలై 7, సోమవారం

నెల్లూరులో రొట్టెల పండగ. స్వర్ణాల చెరువులో కాలు పెట్టడానికి చోటు లేదు. యాసీన్ మామ వాళ్ళు గూడూరు నుంచి వచ్చారు. మామ అమ్మ చెయ్యి వదల్లేదు. అందరూ నీళ్ళల్లో నిలబడి ఆరోగ్యం రొట్టె, చదువు రొట్టె, పెళ్ళి రొట్టె అని అరుస్తున్నారు. కోరిక తీరినవాళ్ళు ఇస్తారు, తీరాల్సినవాళ్ళు తీసుకుంటారు.

"అక్కా, వ్యాపారం రొట్టె ఆ పక్క ఇస్తా ఉండారు, కావాల్నా?" అన్నాడు మామ.

"నాకెందుకురా ఇంక వ్యాపారం? ఆరోగ్యంది తీసుకుంటా" అంది అమ్మ.

వాళ్ళు ముందుకు పోయాక నేను వెనక్కి వచ్చి వ్యాపారం రొట్టె తీసుకున్నాను. నా డీటీపీ కోసం.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ నా భుజం మీద నిద్రపోయింది. మేడ మీద గది కిటికీలోంచి రైళ్ళు కనపడతాయని మామ చెప్పాడు. అమ్మకు రైళ్ళంటే ఇష్టమే.

జూలై 9, బుధవారం

వెంకటాచలం ఆయన ఫోను చేశాడు. ఆదివారం బండితో వస్తాడట.

జూలై 10, గురువారం

చాలా రాయాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పదకొండింటప్పుడు ఒక ఆటో వచ్చి ఆగింది. వెనక సీటు నిండా ముడుచుకుని ఒక పాత పరుపు, దాని పక్కన ఇరుక్కుని ఒకామె. పేరు వాణి. కావలిలో స్కూలు టీచరు. దిగుతూనే నన్ను అడిగింది.

"ఇమాంబీ గారి కొట్టు ఇదేనా అండీ?"

అవును, మా అమ్మేనన్నాను. ఆమె ఊపిరి పీల్చుకుంది.

"రెండు రోజులుగా ఫోన్లో వెతుకుతున్నా. మా అమ్మ, 'బోగోలు ఇమాంబమ్మ దగ్గరే ఏకించు, ఇంకెవరికీ ఇయ్యొద్దు' అనింది. ఇమాంబీ పరుపులు అని ఎన్నిరకాలుగా కొట్టినా రాలా. సైదావలి గారిదని ఒకటొచ్చింది. చదివితే అంతా ఆయన గురించే ఉంది. మీరు కాదేమో అనుకున్నా. ఆఖరికి బిట్రగుంటలో ఆటో ఆయన్ని అడిగితే తీసుకొచ్చి దించినాడు."

అమ్మ అప్పటికే పరుపు మూల తిప్పి చూస్తోంది. "ఇది నేను కుట్టిందే. మీ అమ్మ సుబ్బరత్నమ్మా? తుమ్మలపెంట రోడ్డులో ఉంటారు గదా? ఆయమ్మకి నడుము నొప్పి, మధ్యలో దూది ఎక్కువ పెట్టమనింది" అంటూ మొదలుపెట్టింది. వాణి గారు వెళ్ళే దాకా ఇద్దరూ నడుము నొప్పుల గురించే మాట్లాడుకున్నారు. నేను లోపలికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను.

ఆ పనిముట్టు తెరిచాను. తెల్ల కాగితం. పై నుంచి కింద దాకా చదివాను. సైదావలి, సైదావలి, సైదావలి గారు. ఇమాంబీ అని వెతికాను. లేదు. అమ్మ అని వెతికాను. లేదు.

తర్వాత మామూలు సైటు తెరిచాను. కుడుతున్న చేతులు అమ్మవి. వాకిట్లో దూది ఎండబెట్టింది అమ్మ. మిషను ముందు నిలబడ్డ మనిషి అమ్మ. ఫోటోల్లో అంతా అమ్మే. బొమ్మలు తీసేస్తే అమ్మ లేదు.

ఫోటో దించింది నేను. మాటలు రాసింది నేను. 'సైదావలి గారి చేతి పరుపు' అని పెళ్ళికార్డులో మాదిరి ముద్దుగా రాశాను. నాయన జీవితంలో దబ్బనం పట్టలేదు. ఆయన మంచి మాటకారి, వచ్చినవాళ్ళకు టీ తెప్పించేవాడు, ఎవరినీ వట్టి చేతులతో పోనిచ్చేవాడు కాదు. కానీ కుట్టలేదు. అది నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచీ తెలుసు.

ఎవురిదో కొట్టు మాదిరి ఉండాది.

ఆ మాటకు నేను ఈ డైరీలో ఏం రాశానో ఇప్పుడు వెనక్కి తిప్పి చూశాను. 'అమ్మకు బాగా నచ్చింది' అని ఉంది.

జూలై 11, శుక్రవారం

అమ్మ పేరు పెడతానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"చచ్చిపోయినాయన పేరు తీసి నా పేరు పెట్టేదా? ఊళ్ళో ఏమనుకుంటారు? ఆడమనిషి పేరు బోర్డు మీద దేనికిమే?"

"నాయన పేరు తియ్యను. అదీ ఉంటాది, నీదీ ఉంటాది."

"ఆదివారం మిషనే పోతా ఉంటే ఇంక పేరెందుకు? పో, పని చూసుకో."

"వాణి గారు నీ పేరుతోనే వెతికినారు గదమ్మా!"

"వెతికితే దొరికింది గదా, ఆటో ఆయన చెప్పినాడు గదా!"

నేను గట్టిగా మాట్లాడాను. అమ్మ అంతకంటే గట్టిగా మాట్లాడింది. మధ్యాహ్నం నుంచి మాటల్లేవు. సైఫుల్లా ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడి అలిసిపోయి, హార్బరులో ఇంజనే నయమని వెళ్ళిపోయాడు.

జూలై 12, శనివారం

పొద్దున్నే ఫేబీ ఫోను చేసింది. ఫోటోలకు మాటలు రాశావా అని అడిగింది. సెర్చ్ ఇంజను గుడ్డిది, ప్రతి బొమ్మ వెనకాలా అందులో ఏముందో ఒక వాక్యంలో రాసి పెట్టాలట. రాయకపోతే దానికి ఫోటో ఉన్నట్టు కూడా తెలియదట. కళ్ళు కనపడనివాళ్ళ ఫోన్లు కూడా ఆ వాక్యాన్నే పైకి చదువుతాయట.

ఈ సంగతి అమ్మకు చెప్పాను. నిన్నటి గొడవ మీద కాదు, వట్టిగా చెప్పాను. కళ్ళు కనపడనివాళ్ళు అనగానే అమ్మ మెత్తబడింది. వాణి గారి పరుపు విప్పి దూది వాకిట్లో పోసుకుని ఉంది. వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుంది. నేను ఒక్కో ఫోటో చూపించడం, అమ్మ చెప్పడం, నేను కొట్టడం.

"ఇది బూరుగు దూది. గింజ తీసేసి ఎండబోసినాం. తెల్లగా లేదు చూడు, మీగడ రంగులో ఉండాది, అదే మంచిది. తెల్లగా ఉంటే మిల్లుది. వెనకాల సైఫుల్లా లుంగీ ఆరేసుండాది. అది కూడా చెప్పాల్నా?"

"వద్దు."

"గుడ్డోళ్ళకి ఉన్నదంతా చెప్పాలంటివే?"

"లుంగీ వద్దమ్మా."

"సరే. ఇదేందంటే చారల గుడ్డ. గట్టిగా నేసుంటాది, దూది బయటికి రాదు. ఇది దబ్బనం. ఇట్టా పైనుంచి కిందికి గుచ్చి లాగితే పరుపు మధ్యలో గుంట పడతాది. ఆ గుంట లేకపోతే దూదంతా ఒక పక్కకి పోతాది. ఇది నేను మూల కుడతా ఉండాను. మూల కుట్టేదే కష్టం. నాలుగు మూలలూ ఒక మాదిరి రావాల."

నా వేళ్ళు ఆగాయి.

"'నేను' అని రాస్తే వాళ్ళకెట్టా తెలుస్తాదమ్మా? నేనంటే ఎవరని రాయను?"

అమ్మ చిరాకుపడింది. "ఎవరేంది? నేనంటే నేనే. ఇమాంబీని. ఇంకెవురు కుడతారు ఇక్కడ?"

చెప్పేసి నా మొహం చూసింది. నేను కీబోర్డు వైపు చూశాను. వాకిట్లో దూది గాలికి లేచింది. అమ్మ పరిగెత్తి పోయి దాని మీద చీర కప్పి, మళ్ళీ వచ్చి కూర్చుంది. పేరు తీసెయ్యమని అనలేదు. తర్వాతి ఫోటో ఏదని అడిగింది.

కొట్టాను. 'ఇమాంబీ పరుపు మూల కుడుతున్నారు. ఇమాంబీ దూది ఏకుతున్నారు. ఇమాంబీ కుట్టిన దిండ్లు.' మొదటి వాక్యం కూడా మార్చాను. 'బోగోలులో ఇమాంబీ గారు నలభై ఏళ్ళుగా పరుపులు కుడుతున్నారు. ఈ కొట్టు పెట్టినవారు ఆమె భర్త సైదావలి గారు.' చదివి వినిపించాను. అమ్మ నాయన ఫోటో వైపు చూసి, "ఆయనకేం అభ్యంతరం ఉండదులే" అంది.

ఆ పనిముట్టులో వేసి చూశాను. బొమ్మలు తీసేసినా అమ్మ ఉంది. బటను మర్యాదగా నొక్కాను.

జూలై 13, ఆదివారం

బండి వచ్చింది. మిషను నడుస్తోంది. వాణి గారి దూది ఏకుతోంది అమ్మ, ముక్కుకి పైట కట్టుకుని. ఆ చప్పుడులో వెంకటాచలం ఆయన అరిచి మాట్లాడాల్సి వచ్చింది. అమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది.

"పని మీద ఉండాది అబ్బయ్యా. ఇంకో పది దినాలు పొయ్యి రా."

ఆయన గొణుక్కుంటూ ఖాళీ బండితో వెళ్ళిపోయాడు.

నా ప్రింటరులో దూది పడింది. తుడవలేదు.

జూలై 18, శుక్రవారం

వాణి గారు వచ్చి పరుపు తీసుకుపోయారు. ఇంకేం లేదు. ఎవరూ ఫోను చెయ్యలేదు. యాసీన్ మామ మాత్రం చేశాడు, మంచం కొన్నాడట.

జూలై 21, సోమవారం

మధ్యాహ్నం ఫోను. సైటులో ఇచ్చింది నా నంబరే. అల్లూరు నుంచి ఒకాయన, కూతురికి కాన్పు అయిందట, పసిబిడ్డకు పరుపు కావాలట, దూదిదే కావాలట. "ఇమాంబీ గారా అండీ మాట్లాడేది?" అన్నాడు.

తలుపులోంచి ఫోను అమ్మకు ఇచ్చాను. అమ్మ చేతులు చీరకు తుడుచుకుని, ఫోను రెండు చేతులతో పట్టుకుని, నిటారుగా నిలబడి, "ఆఁ, నేనే" అంది.

ఇన్నేళ్ళలో అమ్మను ఎవరైనా ఫోనులో అడిగితే 'సైదావలి గారి ఇంట్లోవాళ్ళా' అనో 'షమీమ్ వాళ్ళమ్మా' అనో అడిగేవాళ్ళు. పేరు పెట్టి అడగడం నేను విన్నంతలో ఇదే మొదలు.

సాయంత్రం ఇంకొకరు, కావలి నుంచి. వాళ్ళకు నాలుగు దిండ్లు.

సంతోషంగా ఉంది. ఇంకోలా రాయడం తెలియడం లేదు.

జూలై 23, బుధవారం

వెంకటాచలం ఆయన రేపు వస్తానని ఫోను చేశాడు. అమ్మకు చెప్పాలంటే నోరు రాలేదు. అన్నం తినేటప్పుడు చెప్పాను. అమ్మ తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, "ఆ తెల్ల కాగితం చూపించు" అంది.

"ఏ తెల్ల కాగితం?"

"అదేమే, బొమ్మలు లేకుండా ఉంటాదే. దాన్లో నా పేరు యాడుండాదో చూపించు."

ఫోనులో తెరిచి చూపించాను. మొదటి వరసలోనే ఉంది. అమ్మ వేలు పెట్టింది. వేలు తగలగానే కాగితం పైకి జారిపోయింది. "యాడికి పోతా ఉండాది ఇది" అని భయపడింది. కిందికి లాగి మళ్ళీ చూపించాను. ఈసారి వేలు తగలకుండా గాలిలోనే ఉంచి, అక్షరాల వెంబడి నెమ్మదిగా కదిలించింది. ఎన్ని చోట్ల ఉందని అడిగింది. అన్నీ చూపించాను.

తర్వాత యాసీన్ మామకు ఫోను కలపమంది. స్పీకరులో పెట్టాను.

"ఒరే యాసీనూ, ఆ మేడ మీద గది బాడుగకి ఇచ్చుకో. మంచం వాళ్ళకే వేసెయ్యి. పండగలకి వస్తా, నాలుగు దినాలుంటా. ఉండిపోను."

మామ చాలాసేపు బతిమాలాడు. కమ్మీ గురించి చెప్పాడు, రైళ్ళ గురించి చెప్పాడు. అమ్మ అన్నీ విని, నువ్వు బంగారమురా అని చెప్పి, పెట్టేసింది. రేపు ఆ బండి ఆయన్ని రావద్దని చెప్పెయ్యమని నాకు చెప్పింది.

సైఫుల్లా అన్నం ముద్ద పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "అయితే అత్తా, అల్లుడింటి కూడు పరవాలేదా ఇప్పుడు?" అన్నాడు.

"నీ కూడు కోసరం కాదు అబ్బయ్యా నేనుండేది. పేరు చూసుకోని అంత దూరం నుంచి వస్తా ఉండారు. వచ్చినోళ్ళకి మనిషి కనపడొద్దా?"

నాకు ఏడుపు ఆగలేదు. కంచం ముందే ఏడ్చాను. అమ్మ వంగి నా మొహంలోకి చూసింది.

"కళ్ళల్లో దూది పడిందామే? పో, పొయ్యి కడుక్కోపో."